రాడార్‌లో కనిపించిన ఎర్ర మచ్చ మన వీధికి వస్తుందా?

అక్టోబర్ సగం దాటిందంటే చాలు, చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక గుండ్రటి బొమ్మ తిరగడం మొదలవుతుంది. మధ్యలో చెన్నై, చుట్టూ నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మరకలు. కింద ఎవరో ఒకరు "ఇంకో గంటలో మన మీదికే" అని పెడతారు, ఇంకేముంది, వేళచ్చేరి వాళ్ళు కార్లు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టుకోవడానికి పరుగులు. ఒక్కోసారి నిజంగానే కుండపోత, ఒక్కోసారి చినుకు కూడా రాలదు. రాలకపోతే వాతావరణ శాఖని తిడతాం, చెప్పకుండా కురిస్తే ఇంకా గట్టిగా తిడతాం.

తిట్టే ముందు ఆ బొమ్మ ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో కాస్త చూద్దాం. రాడార్‌కి రేపటి సంగతి తెలియదు, గంట తర్వాతి సంగతి కూడా తెలియదు. కొన్ని నిమిషాల కిందట, నేలకి కొంత ఎత్తులో, గాలిలో ఏముందో మాత్రమే దానికి తెలుసు. మిగతాదంతా దాన్ని చూసేవాళ్ళు లెక్కగట్టి చెప్పేది. పైగా చెన్నైకి ఇంకో చిక్కు ఉంది. బొమ్మలో ఎర్రగా, గులాబీ రంగులో భయపెట్టే జూన్ నెల ఉరుముల మబ్బు చాలాసార్లు దారిలోనే చల్లారిపోతుంది, ఊరిని ముంచే నవంబర్, డిసెంబర్ వాన మాత్రం అమాయకంగా పసుపు రంగులో కూర్చుని ఉంటుంది. రంగు చూసి ప్రమాదం కొలవడం మానుకుంటే సగం గందరగోళం అక్కడే పోతుంది.

ఆ తెల్ల గోళం ఏం చూస్తుంది

చెన్నై పోర్టు దగ్గర, రాజాజీ సాలైలో, సెంటినరీ బిల్డింగ్ పైన పెద్ద తెల్లటి గోళం ఉంటుంది. 2002 నుంచి అక్కడున్నది ఎస్ బ్యాండ్ డాప్లర్ రాడార్. గోళం ఎండకీ వానకీ అడ్డుగా పెట్టిన తొడుగు మాత్రమే, లోపల యాంటెన్నా గిరగిరా తిరుగుతూ సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న మైక్రోవేవ్‌ని పల్స్‌లుగా వదులుతుంటుంది. దారిలో చినుకులో వడగళ్ళో తగిలితే అందులో అతి కొద్ది భాగం వెనక్కి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది, తిరిగొచ్చిన సిగ్నల్ బలాన్ని బట్టి వాన ఎంతుందో అంచనా కడతారు. ఒక చుట్టు అయ్యాక యాంటెన్నా మూతి కొంచెం పైకెత్తి మళ్ళీ ఒక చుట్టు, ఇంకొంచెం పైకెత్తి ఇంకో చుట్టు. ఇలా ఆకాశాన్ని పొరలు పొరలుగా చూసి ముగించడానికి పది నిమిషాల దాకా పడుతుంది, ఆ తర్వాతే మనకి బొమ్మ వస్తుంది.

ఇక్కడే మొదటి తిరకాసు. తిరిగొచ్చే సిగ్నల్ చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల చినుకు 1 మిల్లీమీటర్ చినుకు కంటే రాడార్‌కి 729 రెట్లు ఎక్కువ కనిపిస్తుంది, కానీ అందులో ఉన్న నీళ్ళు 27 రెట్లే ఎక్కువ. కాబట్టి నాలుగు పెద్ద చినుకులున్న మబ్బు రాడార్ కళ్ళకి కొండంత, లక్షల సన్న చినుకులతో నిండా నీళ్ళున్న మబ్బు ఏదో మామూలుది. ఈ అంకెలు ఒకటి నుంచి లక్షల దాకా మారుతుంటాయి కనుక లాగరిథమ్‌లోకి దించి డీబీజెడ్ అనే కొలతలో చెబుతారు. 20 అంటే తుంపర లాంటిది, 40 అంటే గట్టి వాన, 50 దాటితే ఉరుముల మబ్బే, 60కి దగ్గర పడితే వడగళ్ళు ఉన్నాయేమోనని అనుమానించాలి.

డీబీజెడ్‌ని గంటకి ఎన్ని మిల్లీమీటర్ల వాన అన్న లెక్కలోకి మార్చే సూత్రాల్లో బాగా పేరున్నది 1948లో మార్షల్, పామర్ ఇచ్చింది. దాని ప్రకారం 40 డీబీజెడ్ అంటే గంటకి సుమారు 11.5 మిల్లీమీటర్లు. ఉష్ణమండలంలో సముద్రం మీది నుంచి వచ్చే వానల కోసం వాడే ఇంకో సూత్రంలో అదే 40కి గంటకి 21 మిల్లీమీటర్లు దాటుతుంది. 50 దగ్గరికి వెళ్ళేసరికి మొదటి సూత్రం 49 అంటుంది, రెండోది దాదాపు 147 అంటుంది. అదే రాడార్, అదే రంగు, లెక్కలో మూడు రెట్ల తేడా. తప్పు ఏ సూత్రంలోనూ లేదు, రెండూ వేర్వేరు రకాల వానల్ని కొలిచి తయారు చేసినవి. మన నెత్తి మీద ఉన్నది ఏ రకమో తెలియకుండా అంకె చెప్పడమే తప్పు.

కొత్త తరం రాడార్లలో దీనికి కొంత మందు దొరికింది. అవి తరంగాన్ని అడ్డంగానూ నిలువుగానూ రెండు రకాలుగా పంపుతాయి. పెద్ద చినుకు మనం బొమ్మల్లో గీసే కన్నీటి బొట్టులా ఉండదు, పడేటప్పుడు గాలి ఒత్తిడికి అడుగు చదునై ఇడ్లీలా అవుతుంది. అందుకని అడ్డంగా వెళ్ళిన తరంగం ఎక్కువ బలంతో తిరిగొస్తుంది. సన్న చినుకు గుండ్రంగానే ఉంటుంది, వడగల్లు దొర్లుతూ పడుతుంది కాబట్టి రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఈ రెండు సిగ్నళ్ళ తేడా చూసి, ఇది పెద్ద చినుకుల వానా, సన్న చినుకుల ముసురా, వడగళ్ళా, లేక పిట్టల గుంపా అన్నది చాలావరకు విడదీయవచ్చు.

బెంగళూరు బంధువులకి ఎందుకు కనిపించదు

భూమి గుండ్రంగా ఉందన్న సంగతి రాడార్ దగ్గర బాగా గుర్తుకొస్తుంది. కిరణాన్ని నేలకి అర డిగ్రీ ఎత్తున పంపారనుకోండి. 50 కిలోమీటర్ల దూరంలో అది సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, 100 దగ్గర దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు, 250 దగ్గర ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. దూరం పెరిగే కొద్దీ కిరణం వెడల్పు కూడా పెరుగుతుంది, ఒక డిగ్రీ కిరణమైతే 100 కిలోమీటర్ల దగ్గరే ఆ వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్లు దాటుతుంది. బొమ్మ ఎంత జూమ్ చేసినా "మా వీధి" అనే మాటకి అక్కడ అర్థం లేదు.

బెంగళూరు చెన్నై పోర్టు నుంచి నేరుగా చూస్తే 290 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి కిరణం సముద్రమట్టానికి ఏడున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊరే 900 మీటర్ల ఎత్తున ఉందనుకున్నా, ఆరున్నర కిలోమీటర్ల కింద జరిగేదంతా కనుమరుగు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి బెంగళూరు మీద లేచే మబ్బు బాగా ఎత్తు పెరిగాక గానీ ఇక్కడి నుంచి కనిపించదు, అది కనిపించేసరికి అక్కడ అండర్‌పాస్‌లో నీళ్ళు చేరిపోయి ఉంటాయి. అంత పెద్ద నగరం సొంత డాప్లర్ రాడార్ లేకుండా ఏళ్ళ తరబడి చెన్నై వైపు చూస్తూ గడపడం నా లెక్కలో క్షమించరాని ఆలస్యం.

చెన్నై పరిస్థితి ఆ విషయంలో నయం. పోర్టు రాడార్ కాకుండా ఉత్తరాన శ్రీహరికోటలో ఇంకో ఎస్ బ్యాండ్ ఉంది, 2022 జనవరిలో పళ్ళికరణై దగ్గర జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ ఆవరణలో ఎక్స్ బ్యాండ్ రాడార్ కూడా వచ్చింది. ఎక్స్ బ్యాండ్ అంటే 3 సెంటీమీటర్ల తరంగం. పరిధి 100 కిలోమీటర్ల చుట్టుపక్కలే కానీ దగ్గరగా వివరం బాగా పడుతుంది. దాని బలహీనత ఏంటంటే, గట్టి వాన అడ్డొస్తే తరంగం అందులోనే సగం ఇంకిపోతుంది. ముందు ఒక పెద్ద మబ్బు ఉందంటే దాని వెనకున్న మబ్బు సన్నగా, ఒక్కోసారి అసలు లేనట్టే కనిపిస్తుంది. ఎస్ బ్యాండ్‌కి ఈ బెడద తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సింది అందుకే.

చిత్తూరు వైపు నుంచి వచ్చే మబ్బు

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చెన్నై ఉరుముల వానకి పుట్టిల్లు చాలాసార్లు మన ఆంధ్ర సరిహద్దే. మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది, అప్పుడు సముద్రపు గాలి లోపలికి బయల్దేరుతుంది. దానికి ఎదురుగా పడమటి గాలి ఉంటుంది. రెండూ కలిసే గీత దగ్గర గాలికి పైకి లేవడం తప్ప దారి ఉండదు, తిరుత్తణి, నగరి, పుత్తూరు, చిత్తూరు చుట్టుపక్కల కొండలు దానికి ఇంకాస్త ఊతమిస్తాయి. రాడార్‌కి దగ్గరగా ఉన్నప్పుడు ఈ సముద్రపు గాలి అంచు బొమ్మలో సన్నటి, వెలిసిన గీతలా కనిపిస్తుంది. అది వాన కాదు, గాలి అంచున పోగైన పురుగులు, దుమ్ము. ఆ గీతని గమనించడం తెలిసినవాళ్ళకి మబ్బు పుట్టక ముందే అనుమానం వస్తుంది.

మూడు, నాలుగు గంటల వేళ నేల మీద ఇంకా ఎండే ఉంటుంది, రాడార్‌లో మాత్రం ఐదారు కిలోమీటర్ల ఎత్తున చిన్న చుక్క పడుతుంది. నీళ్ళు పైనే వేలాడుతున్నాయి, పైకి లేచే గాలి వాటిని పడనివ్వడం లేదు. అరగంటలో అదే చుక్క 15 కిలోమీటర్ల ఎత్తు స్తంభం కావచ్చు. మోసిన బరువు ఎక్కువయ్యాక వానా, వడగళ్ళూ, వాటితో పాటు చల్లగాలీ కిందికి దూకుతాయి. మనకి చినుకు కంటే ముందు ఈదురుగాలి, దుమ్ము వచ్చేది ఈ చల్లగాలి నేలని తాకి నాలుగు వైపులా విరజిమ్మడం వల్లే. పైకి వెళ్ళే వేడిగాలి దారిని ఆ చల్లగాలే కోసేస్తుంది కాబట్టి మబ్బు తన చావు తానే తెచ్చుకుంటుంది. ఒంటరి మబ్బు మొత్తం ఆయుష్షు అరగంట నుంచి గంట. పుట్టడం, ముదరడం, చల్లారడం అనే ఈ మూడు దశల్ని 1946, 47లలో అమెరికాలో విమానాలు మబ్బుల్లోంచి నడిపించి మరీ తేల్చారు.

మరి గంటలో చచ్చే మబ్బు చిత్తూరు నుంచి చెన్నైకి ఎలా వస్తుంది? అదే మబ్బు రాదు. ఒకదాని నుంచి విరజిమ్మిన చల్లగాలి ముందున్న వేడి గాలిని ఎత్తి పక్కన ఇంకో మబ్బుని లేపుతుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది, ఇలా వంశం నడుస్తుంది. రాడార్ లూప్‌లో, అంటే వరస బొమ్మల్ని కలిపి తిప్పే వీడియోలో, మనకి ఒకే ఎర్ర మచ్చ తూర్పుకి జరుగుతున్నట్టు అనిపించేది ఈ తరాల వరుస. గంటకి 30, 40 కిలోమీటర్ల చొప్పున లెక్కేసుకుంటే సాయంత్రం చిత్తూరు మీద ఉన్నది రాత్రి తొమ్మిది, పది ప్రాంతంలో నగరం చేరాలి. చేరుతుందా లేదా అన్నది మధ్యలో తిరువళ్ళూరు, అరక్కోణం మీది గాలిలో ఇంకా తేమ, వేడి మిగిలాయా అన్నదాని మీద ఉంటుంది, ఆ సంగతి రాడార్ చెప్పదు. దానికి ఉదయం బెలూన్ ఎగరేసి తీసిన కొలతలు, శాటిలైట్ బొమ్మలు, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ చూడాలి. చాలా రాత్రులు అరక్కోణం దాటగానే వంశం అంతరిస్తుంది, గ్రూపులో "తుస్సు" అని మెసేజ్ పడుతుంది. ఇంకొన్ని రాత్రులు మాత్రం 2023 జూన్ 18 లాంటివి. తెల్లారి 19న చూస్తే మీనంబాక్కంలో దాదాపు 16 సెంటీమీటర్ల వాన, జూన్ నెలలో చెన్నై స్కూళ్ళకి వాన సెలవు!

డాప్లర్ అని పేరులో ఉన్నదానికి పని ఇక్కడే. తిరిగొచ్చిన తరంగంలో చిన్న మార్పుని బట్టి చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరం వెళ్తున్నాయా, ఎంత వేగంతో అన్నది తెలుస్తుంది, మామూలుగా వచ్చేది ఆకుపచ్చ, పోయేది ఎరుపు. ఈ ఎరుపుకీ వాన ఎరుపుకీ సంబంధం లేదు, రెండు బొమ్మలూ కలగలిపి ఫార్వర్డ్ చేసేవాళ్ళ వల్ల వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. కిరణానికి అడ్డంగా వీచే గాలి మాత్రం రాడార్‌కి సున్నాగానే కనబడుతుంది. ఇంకో బేరం కూడా ఉంది: పల్స్‌లు వేగంగా వదిలితే ఎక్కువ గాలి వేగం కొలవచ్చు కానీ దూరం తగ్గిపోతుంది. ఎస్ బ్యాండ్‌లో సెకనుకి 1000 పల్స్‌లు వదిలితే సెకనుకి 25 మీటర్ల గాలి దాకా తికమక లేకుండా చెప్పవచ్చు, చూపు 150 కిలోమీటర్లకే ఆగుతుంది. 600కి తగ్గిస్తే చూపు 250కి పెరుగుతుంది, గాలి 15 దగ్గరే తికమక మొదలు.

ముంచేది పసుపు రంగు

ఇప్పుడు డిసెంబర్‌కి వద్దాం. ఈశాన్య రుతుపవనాల్లో మబ్బులు సముద్రం మీది నుంచి వస్తాయి. చాలావరకు అంత ఎత్తు ఉండవు, ఉరుము కూడా తక్కువే, మంచు, వడగళ్ళు అన్న ఊసు లేకుండా తేమ గాలిలోనే సన్న చినుకులు విపరీతంగా తయారవుతాయి. ఆరో ఘాతం లెక్క గుర్తుందిగా, సన్న చినుకులకి రాడార్‌లో మార్కులు తక్కువ. 35, 40 డీబీజెడ్ పసుపు రంగు మబ్బు నిజంగా కురిపించేది మార్షల్, పామర్ లెక్క కంటే రెట్టింపు ఉండొచ్చు.

దానికి తోడు ఇవి కదిలే తీరు వేరు. ఒక పట్టీలా బారులు తీరి, ఒకదాని వెనక ఒకటి అదే చోటి మీదుగా నడుస్తాయి. ఒక్కో మబ్బు పావుగంటలో దాటిపోతుంది, కానీ వెనక ఇంకోటి రెడీగా ఉంటుంది. లూప్ చూస్తే మచ్చలన్నీ కదులుతూనే ఉంటాయి, పట్టీ మాత్రం కదలదు. నన్నడిగితే చెన్నై రాడార్ బొమ్మలో అన్నిటికంటే భయపడాల్సింది ఈ కదలని పట్టీకే. గంటకి 25 మిల్లీమీటర్లు పెద్ద భీకరమైన వానేమీ కాదు, కానీ పది గంటలు ఆగకుండా పడితే 25 సెంటీమీటర్లు.

2015 డిసెంబర్ 1న జరిగింది ఎవరూ మర్చిపోలేదు. 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు, చెంబరంబాక్కంలో 47. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైకి ఎదురుగా సముద్రంలో నెమ్మదించి రెండు రోజులు పట్టీలు పంపుతూనే ఉంది. తుపాను కన్ను మన ఊరికి రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు.

వీటికి కనీసం ముందే హెచ్చరిక ఉంది. 2021 డిసెంబర్ 30 సంగతి వేరు. రుతుపవనాలు వెళ్ళిపోయే వేళ, పేరున్న తుపానూ లేదు, వాయుగుండమూ లేదు. మధ్యాహ్నం మొదలైన వాన రాత్రికి నగరంలో కొన్ని చోట్ల 20 సెంటీమీటర్లు దాటింది, రెడ్ అలర్ట్ వచ్చేసరికి సాయంత్రమైంది, అప్పటికే జనం అన్నా సాలైలో మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. దాని మీద రాజకీయం కూడా బాగానే నడిచింది. సముద్రం మీద ఎత్తైన పొరల్లో ఉన్న ఆవర్తనం అనుకున్నదానికంటే ఒడ్డుకి దగ్గరగా రావడం లాంటి చిన్న తేడాలని మోడళ్ళు పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. బంగాళాఖాతం మీద కొలతలు తక్కువ. మోడల్ ఒక గడిలో కొన్ని కిలోమీటర్ల ప్రాంతాన్ని కలిపి ఒకే అంకెగా చూస్తుంది, 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఆ గడి 6 కిలోమీటర్లు. ఇంతకు ముందువాటి కంటే ఇది బాగా మెరుగే, కానీ మైలాపూర్‌లో కురిసి అడయార్‌లో ఆగిపోయే వానని అందులో వెతికితే దొరకదు.

మూడు గంటల కిటికీ

మోడల్ విఫలమైన చోట కాపాడేది నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల వరకు చెప్పే అంచనా. ఇప్పుడున్న మబ్బులు ఎటు, ఎంత వేగంతో జరుగుతున్నాయో వరస బొమ్మల నుంచి లెక్కగట్టి, అదే దిశలో ముందుకి జరిపి చూస్తారు. మొదటి అరగంట చాలా బాగా కుదురుతుంది. గంట దాటేసరికి కొత్తగా పుట్టేవీ చచ్చేవీ లెక్కని చెడగొడతాయి. అందుకే వాతావరణ శాఖ వాళ్ళు రాడార్‌తో పాటు ఇన్శాట్ శాటిలైట్ బొమ్మల్లో మబ్బు పైభాగం ఎంత వేగంగా చల్లబడుతోందో చూస్తారు, పిడుగుల లెక్క ఎలా పెరుగుతోందో చూస్తారు, నుంగంబాక్కం ఆఫీసులో కూర్చున్న మనిషి అనుభవం చివరికి వీటన్నిటినీ తూకం వేస్తుంది. పిడుగుల సంగతికి మనలాంటివాళ్ళకి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ ఉంది, బయట పనిచేసేవాళ్ళ ఫోన్లలో తప్పకుండా ఉండాలి.

హెచ్చరిక భాష కూడా కాస్త తెలుసుకుంటే తిట్లు తగ్గుతాయి. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, 204.4 దాటితే అత్యంత భారీ. "ఒకటి రెండు చోట్ల" అన్నారంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల అని. మీ వీధిలో ఎండ కాసినంత మాత్రాన అది తప్పయిపోదు.

ఇక గ్రూపులో బొమ్మ వచ్చినప్పుడు నేను మొదట చూసేది మూల మీద ఉన్న టైమ్. వాతావరణ శాఖ రాడార్ బొమ్మల మీద చాలావరకు యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపాలి. 12:00 అని ఉంటే అది సాయంత్రం ఐదున్నర, మధ్యాహ్నం కాదు. ఇది తెలియక పాత బొమ్మ చూసి బెంబేలెత్తేవాళ్ళు ఎందరో. ఆ తర్వాత ఒక్క బొమ్మతో తృప్తి పడకుండా లూప్ తెరుస్తాను: మచ్చ పెరుగుతోందా చెదురుతోందా, వెనక వైపు కొత్తవి పుడుతున్నాయా, మచ్చలు నడుస్తుంటే పట్టీ నిలబడిపోయిందా. చెన్నై రాడార్ మరమ్మతులో ఉండి బొమ్మ రాకపోతే శ్రీహరికోటది తెరవండి, అది సుమారు 80 కిలోమీటర్ల దూరం నుంచి మన నగరాన్ని కిలోమీటర్ ఎత్తులో చూస్తుంది, ఆ మాత్రం చాలు. నెల్లూరు, సూళ్ళూరుపేటలో అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఎటూ దాన్నే చూడాలి, మచిలీపట్నం రాడార్ అంత దక్షిణానికి వచ్చేసరికి మబ్బుల నడినెత్తి తప్ప చూడలేదు.